నడిచే బండిలో అమ్మ చెయ్యి

తమ్ముడు పోయిన పదమూడో రోజున నాంచారమ్మ మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులేసేవాళ్ళు ఆమెను చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. "సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లా? ఆ కంపెనీ సీటు మీద కూర్చునే కదా ఆ పిల్లోడు చచ్చింది! మళ్ళీ ఆ గుమ్మమే తొక్కుతుంది చూడు" అన్నారు. అననివ్వండి. వాళ్ళకేం తెలుసు? ఆమె వెళ్ళింది జీతం కోసం కాదు. తన తమ్ముణ్ణి చంపినవాడు ఆ గుమ్మం లోపలే ఉన్నాడని ఆమెకు గట్టి అనుమానం. వాడి పీక చేతికందేదాకా అక్కణ్ణుంచి కదలకూడదని వెళ్ళింది.

తమ్ముడి పేరు నాగమల్లేశ్వరరావు, ఇంట్లో మల్లేశు. ఇరవై తొమ్మిదేళ్ళు. మొక్కజొన్న లోడు వేసుకుని మధ్యాహ్నం మూడు గంటల ఎండలో హైవే మీద వెళ్తూ రోడ్డు దిగి ఒక టీ కొట్టు మీదికి పోయాడు. తనూ పోయాడు, టీ కొట్టు నడుపుకుంటున్న మొగుడూ పెళ్ళాలూ పోయారు. ఆ సాయంత్రమే సువాహన సీట్ల కంపెనీ ఎండీ ఫణీంద్ర టీవీ వాళ్ళ ముందు నుంచుని, మొహం నిండా విచారం పులుముకుని, "మా సీటు ఆ డ్రైవర్ని నలభై ఒక్కసార్లు హెచ్చరించింది. ఆయన పట్టించుకోలేదు. మా దగ్గర రికార్డు ఉంది" అన్నాడు. తెల్లారేసరికి మల్లేశు కాస్తా ఊరందరికీ 'నిద్రమొహం డ్రైవరు' అయిపోయాడు. టీ కొట్టు వాళ్ళ చుట్టాలు వచ్చి శవం ఇంట్లో ఉండగానే దుమ్మెత్తిపోశారు. తల్లి సీతారావమ్మ గుమ్మంలో నుంచుని ఆ తిట్లన్నీ వింది. "వాళ్ళ కడుపుకోత వాళ్ళది. తిట్టనియ్యండి" అంది.

నలభై ఒక్కసార్లు! ఆ లెక్క దగ్గరే నాంచారమ్మకు అనుమానం మొదలైంది. ఎందుకంటే ఆ సీటు తయారుచేసింది ఆమే. అది ఒక్కసారి హెచ్చరిస్తే కుంభకర్ణుడైనా కుయ్యోమని లేవాల్సిందే. నలభై ఒక్కసార్లు పట్టించుకోకపోవడం ఏ మనిషి వల్లా కాదు.

నాంచారమ్మ తండ్రి లారీ సీట్లు కుట్టి పిల్లలిద్దర్నీ పెంచాడు. ఆమె ఇంజనీరింగు చదివి, తండ్రి సూది పట్టిన పేటలోనే సువాహన వాళ్ళ చేత ల్యాబ్ పెట్టించి, ఎనిమిదేళ్ళు కష్టపడి ఒక గుడ్డ కనిపెట్టింది. సన్నటి కరెంటు పారితే ఆ గుడ్డ మనిషి కండలాగా బిగుస్తుంది, వదులవుతుంది, వెచ్చబడుతుంది. ఆటోనగర్ వాళ్ళు దానికి కండగుడ్డ అని పేరు పెట్టారు. ఒక మనిషి చెయ్యి ఎలా తగులుతుందో ఒక్కసారి నేర్పితే చాలు, కళ్ళు మూసుకున్నవాడికి అది సీటో, వెనక నిజంగా ఎవరన్నా చెయ్యి వేశారో తెలియదు. అంతే కాదు, డ్రైవరు ఊపిరి బరువెక్కడం, వీపు కండలు సడలడం ఆ గుడ్డకు ముందే తెలుస్తుంది. వాడికి నిద్ర వస్తోందని వాడికన్నా ముందే సీటు కనిపెడుతుంది.

పూర్వం లారీలో డ్రైవరు పక్కన క్లీనరు ఉండేవాడు. డ్రైవరు తూలితే పక్కటెముకల్లో రెండు మెటికలు దిగేలా పొడిచేవాడు. ఓనర్లు క్లీనర్లని తీసేశాక డ్రైవర్లు ఒంటరివాళ్ళయ్యారు. ఆ పోయిన చెయ్యిని మళ్ళీ బండిలోకి తేవాలన్నదే నాంచారమ్మ ఆలోచన. అందుకని మస్తాన్ వలీని పిలిపించింది. మల్లేశుకు స్టీరింగు నేర్పిన గురువు ఆయన, కుర్రతనంలో క్లీనరుగా చేసినవాడు. ఆయన మెటికల పొడుపే సీటుకి నేర్పింది. నిద్ర వస్తోందంటే పొడుపు. ఇంకా వస్తోందంటే ఇంకా గట్టి పొడుపు. "ఇక చాలు, బండి పక్కన పెట్టుకో" అని దాని అర్థం.

బండి పక్కన పెట్టి హ్యాండ్ బ్రేకు లాగాక మాత్రం సీటు మెత్తబడుతుంది. అప్పుడు జోకొడుతుంది. ఇరవై నిమిషాలు హాయిగా పడుకోబెట్టి లేపుతుంది. ఆ జోకొట్టడం కోసం సీతారావమ్మ చెయ్యి కావాల్సి వచ్చింది.

ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త చెప్పులేసుకుని ల్యాబ్‌కి వచ్చింది. బల్ల మీద రబ్బరు వీపు ఒకటి పెట్టి ఉంది.

"ఇదేంటే, దీనికి తలకాయేదీ?"

"వీపు చాలమ్మా. చిన్నప్పుడు మల్లేశుని పడుకోబెట్టినట్టు కొట్టు."

"ఊరికే కొట్టమంటే చెయ్యి ఆడదే. పాట ఉండాలి."

కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తూ ఆ రబ్బరు వీపు మీద మెల్లగా తట్టింది. పక్కన తీగలు పట్టుకుని నుంచున్న టెక్నీషియను ప్రభుదాసు తూగి తూగి బల్ల మీద తల పెట్టేసి గుర్రు పెట్టాడు. ల్యాబ్ అంతా ఒకటే నవ్వులు. ఆ రోజే నాంచారమ్మ తన చేత్తో ఒక నియమం రాసి సీటు మెదడులోకి ఎక్కించింది: చక్రం కదులుతున్నంతసేపూ ఈ చెయ్యి తగలకూడదు.

ఆ నియమం ఏమైందో ప్రభుదాసు చెప్పాడు. ఆమె తిరిగి చేరిన నాలుగో రోజు, క్యాంటీన్‌లో టిఫిను ముందు పెట్టుకుని, తినకుండా నీళ్ళు నములుతూ చెప్పాడు.

"అక్కా, నన్ను చెప్పుతో కొట్టు. నువ్వు సీటు పరీక్షల కోసం చెన్నై వెళ్ళావు చూడు, ఆ వారంలో సారు పిలిచాడు. పొడుపులకి పక్కటెముకలు వాస్తున్నాయని డ్రైవర్లు గోల పెడుతున్నారంట, ఓనర్లు సీట్లు వెనక్కి పంపిస్తామన్నారంట. జోకొట్టేది మాత్రం అందరికీ తెగ నచ్చిందంట. 'పొడుపు తీసేసి దాని బదులు అదే పెట్టు. వీపు మీద అమ్మ చెయ్యి పడితే ఇల్లు గుర్తొచ్చి ఎవడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతాడు' అన్నాడు."

నాంచారమ్మ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "నువ్వు ఆ చెయ్యికే ల్యాబ్ బల్ల మీద గుర్రు పెట్టావు కదరా."

"చెప్పానక్కా! హ్యాండ్ బ్రేకు సంగతి కూడా చెప్పా. 'చెప్పిన పని చెయ్, లేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటా' అన్నాడు. ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు. ఎక్కించేశా. పది లారీల్లో. మల్లేశు బండి అందులో ఒకటి."

"మరి నలభై ఒక్క హెచ్చరికలు?"

"హెచ్చరికలు కాదక్కా. జోకొట్టింది. మల్లేశు చనిపోయిన గంటలో సారు మెసేజీ పెట్టి నా చేత రికార్డులో మాట మార్పించాడు. 'జో' అని ఉన్నచోటల్లా 'సంకేతం' అని పెట్టించాడు. మిగతా తొమ్మిది బండ్లూ సర్వీసని చెప్పి షెడ్డుకి తెప్పించేశాడు."

అంటే తెలుసు వాడికి! తెలిసే టీవీ ముందు నుంచున్నాడు. తెలిసే చచ్చినవాడి మొహాన నిద్రమొహం అని రాశాడు. తప్పు చేసినవాణ్ణన్నా ఎప్పుడో క్షమించొచ్చేమో గానీ ఆ తప్పు తెచ్చి శవం మీద పెట్టినవాణ్ణి ఎలా క్షమిస్తారు? నాంచారమ్మ అక్కణ్ణుంచి లేచింది. పోలీసు స్టేషనుకి వెళ్ళింది. రికార్డులో సంకేతం అనే ఉంది కదమ్మా అన్నారు. సాక్ష్యం చెప్పమంటే ప్రభుదాసు చేతులు జోడించి ఏడ్చాడు. సరే, అనుకుంది ఆమె. ఎవరూ అక్కర్లేదు.

ఫణీంద్రకు తన కారు తనే నడుపుకోవడం గొప్ప. కంపెనీ సీట్లలో మొట్టమొదటిది ఆ కారులోనే ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపించుకోవడానికి. రోజూ పన్నెండింటికి హనుమాన్ జంక్షన్ దగ్గరున్న ఫ్యాక్టరీకి బయల్దేరేవాడు. ఆ సీటు చెప్పే కబుర్లన్నీ ల్యాబ్‌లో నాంచారమ్మ తెర మీదికి వస్తాయి, అక్కణ్ణుంచే సీటుని ఆడించొచ్చు కూడా. ఒక మధ్యాహ్నం చూసింది. కారు తొంభైలో పోతోంది. వాడి వీపు సడలుతోంది. ఊపిరి బరువెక్కింది. ముందు రోజు పెళ్ళి విందులో జాగారం చేశాడని ఆఫీసంతటికీ తెలుసు. ఆమె వేలు మీట మీదికి పోయింది. తను రాసిన నియమాన్నే తప్పించి వాడి వీపు మీద తల్లి చెయ్యి వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తెర మీద ఊపిరి గీత సాగింది. పడుకో నాయనా, పడుకో, నా తమ్ముడు పడుకున్నట్టే పడుకో అని పళ్ళ బిగువున అనుకుంది.

ఆరో తట్టు దగ్గర ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. జాలితో కాదు, వాడి మీద ఆమెకు ఇసుమంత జాలి లేదు. ఆ రోడ్డు పక్కనా టీ కొట్లున్నాయి. పైగా వీడు చస్తే రేపు పేపర్లో పూలదండ వేసిన ఫొటో వస్తుంది, సంతాప సభలో పది మంది పొగుడుతారు. మల్లేశు మాత్రం నిద్రమొహం డ్రైవరుగానే మిగిలిపోతాడు. అంత సుఖంగా చావనిస్తానా నిన్ను? ఆమె మస్తాన్ మెటికల మీట నొక్కింది. మామూలుగా కాదు, ఉన్న బలమంతా పెట్టించి మూడుసార్లు నొక్కింది.

సాయంత్రం ఫణీంద్ర డొక్క పట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చాడు. "నాంచారమ్మగారూ, పక్కటెముకలు పట్టేశాయండీ. సీటేమన్నా తేడా చేసిందా?"

"ఏసీ గాలికి పడుంటుంది సార్. వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి" అంది ఆమె.

అప్పుడే ఆయన శుభవార్త చెప్పాడు. వచ్చే నెల పెద్ద ఫంక్షన్ హాల్లో సీటు విడుదల. 'అమ్మ చెయ్యి' అని పేరు, నడిచే బండిలో జోకొట్టేదే. రెండు వేల లారీలకి ఆర్డరు సిద్ధంగా ఉంది. లారీ ఓనర్లు, విలేకరులు, అధికారులు అందరూ వస్తారు. స్టేజీ మీద పన్నెండు సీట్లేసి, ఒక్కో సీటుకి స్టీరింగూ టీవీ తెరా పెట్టి, డ్రైవర్లని కూర్చోబెట్టి చూపించాలి. "అదంతా మీరే చూసుకోవాలి. మీ తమ్ముడి విషయం మనసులో పెట్టుకోకుండా పనిచేస్తున్నారు, మీలాంటివాళ్ళు అరుదండీ" అన్నాడు. రెండు వేల లారీలు! నాంచారమ్మ తల వంచుకుని "అలాగే సార్" అంది. లోపల మాత్రం, దొరికావురా అనుకుంది.

దారి దొరికింది గానీ దానికి అడ్డం ఇంట్లోనే ఉంది. కొడుకు పోయాక సీతారావమ్మ నాలుగు రోజులు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అయిదో రోజు టీవీలో ఫణీంద్ర మాటలు మళ్ళీ వేస్తుంటే విని, "నలభై ఒక్కసార్లా? ఆ సీట్లో ఉంది నా చెయ్యే కదే నాంచారీ?" అని అడిగింది. అవునంది కూతురు.

"అయితే వాడు ఒంటరిగా పోలేదే. నా చెయ్యి వాడి వీపు మీదుంది. లెగరా, లెగరా అని నలభై ఒక్కసార్లు కొట్టుకుంది. వాడికే మెలకువ రాలేదు. నా చెయ్యి చెయ్యాల్సింది చేసింది."

నాంచారమ్మకు అప్పటికి అసలు సంగతి తెలియదు; హెచ్చరించేది మస్తాన్ మెటికలే అని సరిదిద్దడానికి మాత్రం నోరు రాక ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్నే తల్లి ఔనని తీసుకుంది. ఆ పూట అన్నం కలుపుకుంది. అప్పట్నుంచీ ఆవిడ తింటున్న ప్రతి ముద్దా ఆ ఒక్క మాట మీదే తింటోంది. హాల్లో అందరి ముందూ నిజం బయటపెడితే తమ్ముడి పేరు మీది మచ్చ పోతుంది, ఫణీంద్ర మట్టికొట్టుకుపోతాడు. కానీ నీ చెయ్యే నీ కొడుకుని నిద్రపుచ్చి చంపిందని తల్లికి చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే రెండు వేల లారీలు రోడ్డెక్కుతాయి. నాంచారమ్మ ఎంత గుండె రాయి చేసుకున్నా ఆ మాట తల్లి దగ్గర నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

సరే, తల్లిని హాలుకి రానివ్వకపోతే సరి, తర్వాత నెమ్మదిగా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు అనుకుంది. ఫణీంద్ర అదీ కానివ్వలేదు. పళ్ళ బుట్టతో స్వయంగా ఇంటికొచ్చి, కుర్చీలో కాకుండా గడప పక్కన పీట మీద కూర్చుని, "అమ్మా, ఈ సీటుకి ప్రాణం పోసింది మీ చెయ్యి. మీరు స్టేజీ మీద ఉండాలి. మీకు శాలువా కప్పాలి" అన్నాడు.

"వస్తాను బాబూ. మావాణ్ణి లేపలేకపోయిన చెయ్యి ఇంకో తల్లి బిడ్డనన్నా లేపుతుందేమో" అంది సీతారావమ్మ.

నాంచారమ్మకు వాణ్ణి పీటతో సహా వీధిలోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. ఆయన వెళ్ళాక తల్లితో పోట్లాటకు దిగింది. "నువ్వు రావద్దమ్మా. నా మాట విను."

"ఎందుకొద్దే? ఏం, నేనొస్తే నీకు నామోషీనా?"

"వద్దంటే వద్దు."

"కారణం చెప్పు, మానేస్తా."

అక్కడికి తల్లి గెలిచింది.

మర్నాడు లారీ స్టాండులో మస్తాన్ వలీ దగ్గర కూర్చుని మొత్తం చెప్పింది; స్టేజీ మీద ఒకవైపు పొడిచే సీట్లూ ఒకవైపు జోకొట్టే సీట్లూ పెడతానంది. ఆయన గడ్డం పట్టుకుని విన్నాడు. చివర్న మాత్రం ఒక్కటే అడిగాడు.

"అంటే ఏంటమ్మాయ్, నా మెటికలు పీకేశాడా వాడు?"

"పీకేశాడు బాబాయ్."

"ఓర్నీ! మల్లేశు బండెక్కేటప్పుడల్లా, 'గురువుగారూ, మీరు వెనకే ఉన్నారుగా, నాకేం భయం' అనేవాడు. నేను లేనన్నమాట వెనక." ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "నాతో కలిపి పన్నెండు మందిని నేను తెస్తా. జోకొట్టే వైపు నన్ను కూర్చోబెట్టు. కానీ నాది ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. నన్ను పడుకోబెట్టే సీటు ఇంకా పుట్టలా."

"నువ్వు పడుకోకపోతే నేను ఓడిపోతాను బాబాయ్."

"నిద్రొస్తే పడుకుంటా, రాకపోతే లేదు. నటించమంటే మాత్రం నటించను. మల్లేశు మీద ఒట్టు."

విడుదల రోజున అన్నీ ఆమె లెక్క ప్రకారమే పెట్టుకుంది. పొద్దున పదకొండింటికి ప్రదర్శన, ఒంటిగంటకి భోజనాలు. కడుపు నిండి నిద్రొచ్చిందని రేపు ఎవడూ అనకూడదు. డ్రైవర్లు పన్నెండు మందీ ముందు రోజంతా విశ్రాంతి తీసుకున్నవాళ్ళు, ఇద్దరు డాక్టర్లు చూసి బాగున్నారని సంతకాలు పెట్టినవాళ్ళు. ఒక్కొక్కరూ రెండేసి గ్లాసుల టీ తాగారు. ఎడమవైపు ఆరు సీట్లలో నాంచారమ్మ రాసిన మొదటి పద్ధతి, మస్తాన్ మెటికలు. కుడివైపు ఆరు సీట్లలో మల్లేశు బండిలో నడిచిన పద్ధతి, ఒక్క అక్షరం మార్చకుండా. పన్నెండు తెరల మీదా ఒకటే రోడ్డు, ఎండలో తిన్నగా సాగిపోయే హైవే. ఆ రోడ్డు పక్కన ఒక టీ కొట్టు కూడా పెట్టించింది.

సీతారావమ్మకు శాలువా కప్పారు. ఆవిడ స్టేజీ మీద వెల్వెట్ కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. కూతురు మీట మీద చెయ్యి పెట్టి ఒకసారి తల్లి వైపు చూసింది. తల్లి చిన్నగా నవ్వి, కానీయ్ అన్నట్టు తల ఊపింది. నాంచారమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కేసింది.

ఫణీంద్ర మైకు పట్టుకుని మాతృత్వం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఎంతకీ దింపడు. తెరల మీద రోడ్డు సాగుతూనే ఉంది. కాసేపటికి ఎడమవైపు ఒక డ్రైవరు "అబ్బా! ఎవడ్రా పొడిచింది!" అని ఎగిరి కూర్చున్నాడు. హాలు గొల్లుమంది. ఇంకొకడు డొక్క రుద్దుకున్నాడు. కుడివైపు నవ్వులూ లేవు, కేకలూ లేవు. అక్కడ ఆరుగురి భుజాలూ మెల్లగా దిగుతున్నాయి. మస్తాన్ వలీ రెండుసార్లు తల విదిలించాడు. మీసం కొరికాడు. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత అందరికన్నా ముందు ఆయన గడ్డమే గుండెకానింది. తెర మీద ఆయన లారీ గీత దాటి, మట్టిలోకి దిగి, టీ కొట్టు మీదుగా పోయి ఆగింది. తర్వాత రెండోది పోయింది. మూడోది, నాలుగోది, అయిదోది, ఆరోది కూడా ఒకదాని వెనక ఒకటి అదే కొట్టు మీదికి పోయాయి. గుర్రు శబ్దం మైకులో హాలంతా వినిపించింది.

"ఏదో చిన్న సాంకేతిక లోపం..." అన్నాడు ఫణీంద్ర.

"లోపం కాదు సార్!" నాంచారమ్మ రెండో మైకు అందుకుంది. ఆ గొంతులో ఉన్నది నెలన్నర నానిన విషం. "ఎడమవైపు నేను రాసిన పొడుపు. ఒక్కడూ నిద్రపోలేదు. కుడివైపు మీరు మార్పించిన జోకొట్టు. ఒక్కడూ మేలుకోలేదు. అందరూ విన్నది మీ ఒక్క ఉపన్యాసమే. నా తమ్ముడు నాగమల్లేశ్వరరావు బండిలో మీరు పెట్టింది ఈ కుడివైపుదే. మీరు నలభై ఒక్కసార్లు హెచ్చరించలేదు సార్. నలభై ఒక్కసార్లు జోకొట్టారు."

విలేకరులు కుర్చీలు తోసుకుని ముందుకొచ్చారు. "అబద్ధం! ఈవిడకి తమ్ముడు పోయి మతి చలించింది!" అని ఫణీంద్ర అరిచాడు. అప్పుడు స్టేజీ కింద తీగల పక్కన కూర్చున్న ప్రభుదాసు లేచాడు. గుర్రు పెడుతున్న మస్తాన్‌ని చూసి వాడి భయం ఎటు పోయిందో! "ఎక్కించింది నేను. ఎక్కించమన్నది ఈయన. రికార్డు మార్చమని పంపిన మెసేజీ నా ఫోన్లో ఉంది" అన్నాడు. ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

ఫణీంద్ర మొహంలో నెత్తుటి చుక్క లేదు. చుట్టూ చూశాడు. చూసి, సీతారావమ్మ వైపు వేలు చూపించాడు.

"ఆ చెయ్యి నాదా? ఇదిగో, ఈవిడది! కన్నతల్లి చెయ్యే కొడుకుని పడుకోబెడితే నన్నంటారేంటి? నన్నెందుకంటారు?"

సీతారావమ్మ శాలువాతోనే లేచి నుంచుంది. ఫణీంద్రను చూడలేదు, కూతుర్నే చూసింది.

"నాంచారీ, అది లేపటం కాదంటే?"

నాంచారమ్మ చేతిలో మైకు ఉంది. "కాదమ్మా" అన్న మాట హాలంతా మోగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

ఆవిడ నెమ్మదిగా ఫణీంద్ర దగ్గరికి నడిచింది. "అవును బాబూ, నా చెయ్యే. రాసుకోమను వీళ్ళందర్నీ. ఆగిన బండిలో పడుకున్న బిడ్డ కోసం ఇచ్చాను నేను. నడిచే బండిలో పెట్టమని ఎవరు చెప్పారు నీకు? నా చేత్తో నా కొడుకుని చంపించి, మళ్ళీ నా ఇంటికొచ్చి పీటేసుకుని కూర్చున్నావే, నీకు అన్నం ఎలా సయిస్తుందిరా?" అంది. శాలువా తీసి వాడి కాళ్ళ దగ్గర పడేసింది. వెళ్ళి మస్తాన్ వలీ చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని "లెగు అన్నయ్యా, లెగు" అని ఊపి ఊపి లేపింది.

ఆ తర్వాతవన్నీ చకచకా జరిగిపోయాయి. ఫణీంద్రను తీసుకెళ్ళారు. కంపెనీకి తాళాలు పడ్డాయి. రెండు వేల సీట్ల ఆర్డరు రద్దయింది. వాడు తువ్వాలుతో మొహం కప్పుకుని జీపెక్కడం నాంచారమ్మ దగ్గరగా నుంచుని కళ్ళారా చూసింది. ఆమెకు తృప్తిగా ఉంది, చాలా తృప్తిగా ఉంది. అబద్ధం దేనికి? రంగులేసేవాళ్ళు ఆమెను చూసి పని ఆపి లేచి నుంచున్నారు. టీ కొట్టు వాళ్ళ కొడుకు ఇంటికొచ్చి, మాట్లాడలేక, సీతారావమ్మ దగ్గర అరగంట కూర్చుని వెళ్ళాడు.

ఆవిడ మాత్రం కూతురితో పలకడం మానేసింది. వండింది, వడ్డించింది, గిన్నెలు కడిగింది. పిలిస్తే తిరిగి చూసేది, అంతే. అరవమ్మా, తిట్టమ్మా, కొట్టనైనా కొట్టమ్మా అని నాంచారమ్మ ఏడ్చినా ఉలకలేదు.

మూడు నెలలకు విచారణ నివేదిక వచ్చింది. నాంచారమ్మ పొద్దున్నే దాన్ని పట్టుకుని తల్లి ఎదుట కూర్చుని, వింటున్నా వినకపోయినా చదవడం మొదలుపెట్టింది. డ్రైవరు తప్పేమీ లేదని రాశారు. మరణించిన ముగ్గురూ కంపెనీ మోసానికి బలయ్యారని రాశారు. సీతారావమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులాపకుండానే మొదటిసారి నోరు తెరిచింది.

"ఎంతసేపు కొట్టిందంటా నా చెయ్యి?"

తక్కువ చేసి చెప్పొచ్చు. కానీ ఈవిడ దగ్గర ఒకసారి దాచి ఏం పోగొట్టుకుందో నాంచారమ్మకు తెలుసు. పేజీ తిప్పింది. "మొదటి తట్టు నుంచి చివరిదాకా పదకొండు నిమిషాలమ్మా."

"పదకొండా? సరిగ్గా చూడు."

చూసింది. పదకొండే.

సీతారావమ్మ చేతిలో కాయ కింద పెట్టేసింది. "చిన్నప్పుడు వాణ్ణి పడుకోబెడితే రెండు నిమిషాలు పట్టేది కాదే. పాట అందుకుందామని నోరు తెరిచేలోగా ఒరిగిపోయేవాడు. ఎంత ఏడుస్తున్నా సరే, నా చెయ్యి పడిందంటే చాలు." ఆవిడ వేళ్ళు ముడిచి లెక్కేసింది. "అంటే తొమ్మిది నిమిషాలు నా చేత్తో పోట్లాడాడన్నమాట నా కొడుకు. తొమ్మిది నిమిషాలు! ఎక్కడా ఆపడానికి చోటు దొరకలేదో ఏమో. వాణ్ణి నిద్రమొహం అన్నారు."

నాంచారమ్మ తల్లి కాళ్ళ మీద పడి బావురుమంది. ఆవిడ ఓదార్చలేదు. కానీ ఒళ్ళో చిక్కుడుకాయలు దులుపుకుని, కూతురి జబ్బ పట్టుకుని లేవదీసింది.

"ఏడుపాపి మొహం కడుక్కో. ఆ ఫణీంద్ర ఉన్న జైలుకి తీసుకెళ్ళు నన్ను."

"ఇప్పుడా? ఎందుకమ్మా?"

"ఈ తొమ్మిది నిమిషాల సంగతి వాడికి తెలియదుగా. వాడి మొహం మీద నేనే చెప్పాలి. ఈసారి చెప్తా, మళ్ళీ వారం మళ్ళీ వెళ్ళి చెప్తా. వాడు బతికున్నన్నాళ్ళూ చెప్తా."

అప్పటికే ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటోంది.